ఎడమచేతి పిడి

ఆగస్టు 19, 1962

విత్తనాల గాదె అడుగున పిస్తోలు ఉంది.

రాసి చూసుకుంటే తప్ప నమ్మబుద్ధి కావడం లేదు. నారుమడికి వడ్లు నానబెట్టాలని పొద్దున నేనే గాదెలోకి దిగాను. ఈ యేడు కోట బజారు నుంచి కొత్త విత్తనం తెప్పిస్తాను, పాతవాటి జోలికి పోవద్దు అని ఆయన చెప్పి ఉన్నారు. ఇంట్లో విత్తనం పెట్టుకుని కొనడమెందుకని నేను వినలేదు. అడుగున చెయ్యి పెడితే నూనెగుడ్డ తగిలింది. ఇంజను సామానేమో అనుకున్నాను. విప్పితే ఇది. చిన్నది, నా అరచేతిలో దాదాపు ఇమిడిపోయింది. మళ్ళీ చుట్టి, ఉన్నచోటే పెట్టి, వడ్లు కప్పి, బయటికి వచ్చి కాళ్ళు కడుక్కున్నాను.

ఆ గది తాళం చెవి నా దగ్గర ఒకటి, ఆయన దగ్గర ఒకటి. ఇంకెవరి దగ్గరా లేదు.

మధ్యాహ్నం ఆయనకు అన్నం పెట్టాను. అడగలేదు.

ఆగస్టు 20

ఇవాళా అడగలేదు. కొత్త విత్తనం ఎప్పుడొస్తుందని మాత్రం అడిగాను. చూద్దాం అన్నారు.

ఆగస్టు 22

ఆషాఢం నుంచి ఆయన వాలకం బాగాలేదు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతారు. పాప ఏదైనా చెబితే ఊ అంటారు, ఏం చెప్పిందో మళ్ళీ అడిగితే తెలియదు. పనుందని సూళ్లూరుపేట వెళ్ళి వస్తారు. ఏం పనో చెప్పరు.

జూన్‌లో కాలవ తూము, మదుం దగ్గర గొడవైంది. మా దాయాది హజరత్తయ్య మా వంతు నీళ్ళు తన చేనికి మళ్ళించుకున్నాడు. ఈయన వెళ్ళి, నిన్ను బతకనియ్యను అన్నారట. ఊళ్ళో సగం మంది విన్నారు. కోపంలో అందరూ అనే మాటే అది. నేను పాపను రోజూ అంటాను.

నాకు భయమేమీ లేదు. ఆ వస్తువు ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవాలని మాత్రం ఉంది. మనుబోలులో మా నాయన ఆయిలింజన్లు విప్పి బిగిస్తుంటే పక్కన కూర్చుని స్పానర్లు అందిస్తూ పెరిగినదాన్ని. ఇనుముతో చేసింది ఏదైనా సరే, అది ఎందుకట్లా ఉందో తేలేదాకా నాకు తోచదు. అంతే. ఇందులో వేరే ఏమీ లేదు.

ఆగస్టు 23

ఆయన చేనికి పోయారు. పాప బడికి. అత్తగారు వసారాలో కునుకు తీస్తుంటే తలుపు వేసుకుని చూశాను.

గుళ్ళు పెట్టే చక్రానికి అయిదు గూళ్ళు ఉన్నాయి. అన్నీ ఖాళీ. అది చూశాక దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన చిన్న తలుపు లాంటిది తెరుచుకుంటుంది, ఒక్కో గుండూ అందులోంచి పెట్టాలి కాబోలు. గొట్టం నా చూపుడువేలు కంటే పొట్టి. వేలితో నొక్కే మీట కోసం ఎంత వెతికినా కనబడలేదు. చివరికి గోరు తగిలి అదే కిందికి దిగింది. చాకు మడిచినట్టు మడిచి, పొట్టకు ఆనించి పెట్టారు దాన్ని! ఎవరు ఆలోచించారో గాని భలే ఆలోచించారు.

వెనక సుత్తిలా కొట్టుకునే ముక్క ఉంది. దాని తల ఆకురాయితో రాసేసి ఉంది. మిగతా పని అంతా నున్నగా, అద్దంలా ఉంది. ఈ రాత మాత్రం గరుకుగా, ఒక్కో గీతా ఒక్కో వైపు పోయింది. ఇది కార్ఖానాలో జరిగింది కాదు. తర్వాత ఎవరో ఇంట్లో కూర్చుని రాశారు.

ఎందుకు?

ఆగస్టు 27

తమ్ముడు మస్తానయ్య వచ్చి వెళ్ళాడు. నెల్లూరులో రిజర్వు పోలీసు వాడు. కోడిగుడ్ల పులుసు వడ్డిస్తూ, పోలీసుల పిస్తోలు ఎట్లా ఉంటుందిరా అని అడిగాను. దాన్ని రివాల్వరు అంటారని మొదలుపెట్టి, తినడం మానేసి చెప్పాడు. వాళ్ళవి ఆరు గుళ్ళవి. నడుం దగ్గర విరిచినట్టు వంచి అన్నీ ఒకేసారి పెడతారు. సుత్తికి ముందు చిన్న ముక్కు ఉంటుంది, అది గుండు అడుగున పొడిస్తేనే మందు అంటుకుంటుంది. ఆ ముక్కు లేకపోతే తుపాకీకీ రోకలికీ తేడా లేదు అన్నాడు.

ట్రిగ్గరు మడిచే రకాలు ఉంటాయా అని అడిగాను. ముద్ద చేతిలో ఉండగానే తలెత్తి నన్ను చూశాడు.

"నీకెందుకక్కా ఇయన్నీ?"

పాప బడిలో ఎవరో చెబితే అడిగింది అన్నాను.

కొత్త తుపాకీ చట్టం రాబోతోందట. లైసెన్సు లేనివి ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చి ఠాణాలో ఇచ్చేస్తే మంచిదట, దొరికితే మటుకు జైలేనట. నేను అడగకుండానే ఇది చెప్పాడు. వెళ్ళేటప్పుడు కూడా మళ్ళీ చెప్పాడు.

ఆగస్టు 28

పాప మీద పెట్టి అబద్ధం ఆడాను.

సెప్టెంబరు 2

ఇవాళ పిడి సంగతి తేలింది.

పిడికి రెండు వైపులా రెండు రేకులు ఉన్నాయి. ఒకటి నల్లటి గట్టి రబ్బరులాంటిది, దాని మీద పువ్వు అచ్చు ఉంది. రెండోది కొయ్య. మొన్న చూసినప్పుడు రెండూ నల్లగా ఉంటే ఒకటే అనుకున్నాను. కిటికీ దగ్గర పట్టుకుంటే కొయ్యలో సన్నటి గోధుమరంగు చారలు కనిపించాయి. తాటి చేవ. మా ఇంటి వాసాలు కూడా అదే. దొరల సీమ నుంచి వచ్చిన తుపాకీకి తాటి పిడి ఎవరూ పంపరు.

ఆ కొయ్యలో వేళ్ళకు పల్లాలు చెక్కారు. కుడిచేత్తో పట్టుకుంటే ఒక్కటీ కుదరడం లేదు. బొటనవేలికి ఎత్తుగా ఏదో అడ్డం తగులుతోంది. పని తెలియనివాడు చెక్కాడనుకున్నాను. కింద పెట్టబోతూ ఎడమచేతిలోకి మార్చాను.

నీళ్ళు గిన్నెలోకి దిగినట్టు దిగింది. నాలుగు వేళ్ళూ నాలుగు పల్లాల్లోకి వెళ్ళాయి, బొటనవేలు ఆ ఎత్తు మీద ఆనుకుంది. పని తెలిసినవాడే. ఎడమచేతి మనిషి కోసం చెక్కాడు.

ఇంకొకటి. నా చేతికే సరిగ్గా ఉంది. ఆయన వేళ్ళయితే ఈ పల్లాల్లో పట్టవు. మగవాళ్ళెవరివీ పట్టవు.

సెప్టెంబరు 3

ఎవరో ఆడదాని చెయ్యి. అయితే నాకేం?

సెప్టెంబరు 6

ఆయన సూళ్లూరుపేట నుంచి వచ్చారు. పంచె అంచున నల్లటి బురద, ఎండి తెల్లగా ఉప్పు పట్టింది. సూళ్లూరుపేట బజారులో అట్లాంటి బురద లేదు. అది పులికాట్ సరస్సులో దిగితేనే అంటుతుంది. సంచిలో ఎండురొయ్యల పొట్లం ఉంది. అంగడి పొట్లం కాదు, ఎవరో తాటాకు బుట్ట అల్లి అందులో పోసి ఇచ్చారు.

రేవులో కొన్నానన్నారు. ఉతకడానికి పంచె ఇమ్మన్నాను, ఇచ్చారు.

రొయ్యలు చాలా శుభ్రంగా ఒలిచి ఉన్నాయి. తలలు, మీసాలు ఒక్కటీ లేవు. ఎవరో ఓపిక గల మనిషి.

పిస్తోలు సంగతి తప్ప ఇక్కడ ఏమీ రాయకూడదనుకున్నాను.

సెప్టెంబరు 8

గొట్టం పక్కన కోడిగుడ్డు ఆకారంలో చిన్న ముద్ర ఉంది. లోపల ఇంగ్లీషు అక్షరాలు, కింద నక్షత్రం. కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే చక్కగా దిగింది. ఇ, ఎల్, జి. ఇ అంటే ఇంగ్లాండు అయ్యుంటుంది అనుకున్నాను.

కాగితం పట్టుకుని జీవానందం గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన మిషను బడి హెడ్మాస్టరు, పాప ఆయన బళ్ళోనే చదువుతోంది. కుర్రతనంలో పాండిచ్చేరిలో ఒక ఫ్రెంచి అంగడిలో గుమాస్తాగా ఉండి వచ్చినవాడు. నాయన ఇంజను పెట్టెలో దొరికిన ఇనపముక్క మీద ఈ ముద్ర ఉందండీ అన్నాను. కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"ఇంజన్ల మీద ఈ ముద్ర ఉండదమ్మా. మీరు చెప్పొద్దు, నేను అడగను" అన్నారు.

తర్వాత ఆయనకే ఉత్సాహం వచ్చింది. అది ఇంగ్లాండు ముద్ర కాదట. బెల్జియం దేశంలో తుపాకులు చేసే ఒక ఊరు ఉందట, గొట్టం పేలకుండా నిలిచిందని పరీక్షించి అక్కడ ఆ ముద్ర కొడతారట. పాండిచ్చేరిలో ఆయన అట్లాంటి చిన్నవి చూశారట. దొరలు సైకిళ్ళ మీద పోతుంటే వీధికుక్కలు వెంటపడతాయి కదా, వాటిని బెదిరించడానికి జేబులో వేసుకునేవాళ్ళట. జేబుగుడ్డకు తగులుకోకూడదని ట్రిగ్గరు మడతపడేటట్టు చేశారట.

ఇంటికి వచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. కుక్కల కోసం పిస్తోలు. ఎన్నాళ్ళకో నవ్వాను.

అయినా బెల్జియం నుంచి పాండిచ్చేరి వచ్చిందే అనుకుందాం. పాండిచ్చేరి నుంచి మా వడ్ల గాదెలోకి? మధ్యలో తాటి పిడి ఎక్కడ తొడుక్కుంది?

సెప్టెంబరు 12

పాప ఎడమచేత్తో పచ్చడి వేసుకుందని అత్తగారు గరిటెతో చేతి మీద కొట్టింది. ఇది కొత్త కాదు. పలక ఎడమచేత్తో పట్టినా కొడుతుంది. చిన్నపిల్ల, తెలియక చేస్తోంది వదిలెయ్యండత్తా అన్నాను.

"ఆ చెయ్యి ఈ ఇంట్లో మళ్ళీ వద్దు. అంతా వాళ్ళ నాయన మేనత్త పోలిక" అంది. అని, నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన మేనత్త అంటే ఆదిశేషమ్మ. మామగారి చెల్లెలు. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసిందనీ, ఉప్పుటేటిలో పడి చనిపోయిందనీ నా పెళ్ళయిన కొత్తలో చెప్పారు. ఆయన పుట్టకముందు మాట. ఆమె ఎడమచేతి మనిషని ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబరు 14

పిడి అడుగున చిన్న ఉంగరం ఉంది. అందులో నల్లటి దారం పీలిక ఒకటి ఇరుక్కుని ఉంటే సూదితో లాగాను. వలతాడు. వలలకు పట్టించే చీకటిమాను రంగు వాసన ఇంకా ఉంది. నీళ్ళలో జారిపోకుండా ఎవరో దీన్ని ఒంటికి కట్టుకున్నారు. పడవ మనిషి.

తర్వాత తమ్ముడు చెప్పిన ముక్కు కోసం చూశాను. ట్రిగ్గరు సగం లాగితే సుత్తి లేచింది. అంచు నుంచి చూస్తే ముక్కు ఉండాల్సిన చోట చదునుగా ఉంది. కళ్ళు మోసపోతాయని నాయన అనేవాడు. చక్రం వెనక బంకమన్ను మెత్తి, ట్రిగ్గరు పూర్తిగా లాగాను. టక్కుమంది. మన్ను తీసి చూశాను. గుంట పడలేదు. మళ్ళీ లాగాను. మళ్ళీ పడలేదు.

ఇది పేలదు. గుళ్ళు పెట్టినా పేలదు. ముక్కును ఎవరో కావాలనే రాసేశారు. పైన తల రాసిన గీతలు, ఇక్కడి గీతలు ఒకే చేతివి.

మన్ను కడిగి, నూనె రాసి, చుట్టి పెట్టాను. ఆ తర్వాత గాదె పక్కనే కూర్చుని ఏడ్చాను. ఎందుకో తెలియదు. భయపడలేదు కదా నేను.

సెప్టెంబరు 15

బాగా నిద్ర పట్టింది.

సెప్టెంబరు 19

చెంగాళమ్మకు మొక్కుందని చెప్పి, పాపను తీసుకుని బస్సులో సూళ్లూరుపేట వెళ్ళాను. గుడికి వెళ్ళిన మాట నిజం. కొబ్బరికాయ కొట్టి, అక్కడి నుంచి బండి కట్టించుకుని సరస్సు రేవుకు వెళ్ళాను. చిట్టమూరు వైపు నుంచి పద్మనాభయ్య గారని ఒకాయన వస్తుంటారు, ఆయన ఎక్కడ దిగుతారు అని పడవవాణ్ణి అడిగాను. మొగుడి పేరు బయటికి చెప్పడం ఇదే మొదలు.

"ఆదిశేషమ్మ మేనల్లుడా? రాండమ్మా, అత్త కాడికే గదా ఆయన పొయ్యేది" అన్నాడు. పాప చెయ్యి పట్టుకుని పడవెక్కాను.

లంకలో తాటాకు గుడిసె. ముందు వల ఆరేసి ఉంది. అరవై దాటిన మనిషి పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది, ఎడమచేత్తో. తలలు ఒక బుట్టలోకి, ఒళ్ళు ఒక బుట్టలోకి. నన్ను చూసింది. పాపను ఇంకా ఎక్కువసేపు చూసింది.

"పద్మనాభయ్య పెళ్ళానివి గదా. వస్తావనుకోలా. కూర్చో."

నేను దాచకుండా అడిగాను. పిస్తోలు గాదెలో దొరికిందని, పేలదని తెలుసుకున్నానని చెప్పాను. ఆమె చేతిలో రొయ్య ఆగింది.

"పేలదని వాడికి తెలుసా?"

తెలియదనుకుంటాను అన్నాను. ఆమె తల ఊపింది. దగ్గు వచ్చింది, తగ్గేదాకా ఆగి చెప్పింది.

మామగారింటి వడ్లను కాలవ మీద మద్రాసుకు తోలే పడవ ముత్యాలయ్య అనే అతనిది. రేవులో వడ్లు కొలిచి ఇచ్చే పని ఈమెది. ఒక యేడు కోతలయ్యాక, కొలవడం పూర్తిచేసి ఆ పడవలోనే వెళ్ళిపోయింది. అన్న మనుషులను పంపాడు. ఒకసారి గుడిసె కాల్చారు, ఒకసారి ముత్యాలయ్య చెయ్యి విరగ్గొట్టారు. అప్పుడు ముత్యాలయ్య ఈ పిస్తోలు తెచ్చి ఇచ్చాడు. బాతులు కొట్టడానికి వచ్చిన దొరసాని పడవలో మరిచిపోయిందన్నాడట.

"ఇంకోసారి అడిగితే పాండిచ్చేరి సరంగు ఇచ్చినాడన్నాడు. యాడిదో నాకూ తెలీదు. ఒక పక్క పిడి విరిగిపొయ్యి ఉంటే నా చేతిలో మట్టిముద్ద పెట్టి పిసకమని, ఆ అచ్చు చూసి తాటిచేవ చెక్కినాడు. సుత్తి తల చీర కొంగుకు పట్టుకుంటా ఉందంటే అది రాసినాడు. అప్పుడే రాసినట్టుండాడు ఆ ముక్కు గూడా. నాకు చెప్పలా."

తర్వాత మా మామగారే వచ్చాడు, ఒక్కడే. మోకాటిలోతు నీళ్ళలో ఆమె వల దులుపుతోంది. పడవలోంచి వంగి జుట్టు పట్టుకున్నాడు. ఆమె ఒంటికి కట్టుకున్న పిస్తోలు తీసి ఆయన రొమ్ముకు ఆనించి నొక్కింది.

"టక్కుమన్నాది. మళ్ళా నొక్కినా. మళ్ళా టక్కుమన్నాది. మా అన్న జుట్టొదిలి పడవలో కూలబడినాడు. నన్ను చూసినాడు. ఏమనలా. పడవ తిప్పుకుని పొయినాడు. ఆ తర్వాతే తెలిసినాది, నేను చచ్చిపొయినానని ఊళ్ళో చెప్పినాడని."

ముత్యాలయ్యతో ఆ చేపల కాలమంతా ఆమె మాట్లాడలేదట. ఉత్త ఇనుము చేతిలో పెట్టి నన్ను నిలబెడతావా అని పోట్లాడిందట. అన్నను చంపుకుని నాతో కాపరం చేస్తావా నువ్వు అన్నాడట అతను. అతను పోయి కొన్నేళ్ళయింది. పిల్లలు లేరు. ఈ మధ్య ఒంట్లో బాగాలేక, చనిపోతే ఠాణావాళ్ళకు ఇది దొరికి చుట్టుపక్కలవాళ్ళు ఇరుక్కుంటారని మేనల్లుడికి కబురు చేసి దీన్ని చేతికిచ్చింది.

"మీ నాయన మీద నొక్కినాను రా అని చెప్తానే లేచి పడవెక్కినాడు. మిగిలింది విన్లా. మళ్ళా మళ్ళా వస్తాడు, బియ్యం పెడతాడు, కూర్చుంటాడు, పోతాడు. నేను చెప్పబోతే లేస్తాడు."

లెక్క ఆమె చెప్పలేదు, పడవలో తిరిగి వస్తుంటే నాకే తట్టింది. మా ఆయన ఆ తర్వాత పుట్టినవారే. ఆ రోజు అది పేలి ఉంటే ఆయనే లేరు.

సెప్టెంబరు 20

పాప వాళ్ళ నాయనమ్మతో అంతా చెప్పేసింది. లంకలో ముసలమ్మ కూడా ఎడమచేత్తోనే అన్నీ చేస్తుందని. అత్తగారు విని, చాటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

సెప్టెంబరు 22

పగలే, పెరట్లో, ఆయన ముందు నూనెగుడ్డ విప్పి పెట్టాను. కోప్పడతారనుకున్నాను. ఎన్నాళ్ళ నుంచి తెలుసు అన్నారు. చెప్పాను.

ఆయన నోటి వెంట మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. నాయనను చంపబోయిన మనిషి ఆమె. నాయన చచ్చిందని చెప్పిన మనిషి కూడా ఆమే. ఏ వరసలో చూడాలో తెలియక పదేపదే వెళ్ళానన్నారు. గుండు తడిసి పేలలేదు కాబోలు, లేకుంటే నాయన ఆ రోజే పోయేవాడు అన్నారు.

సుత్తి లేపి ముక్కు ఉండాల్సిన చోటు చూపించాను. బంకమన్ను తెచ్చి మెత్తి, ఆయన చేతే నొక్కించాను. ఆయన వేలికి ఆ ట్రిగ్గరు సరిగ్గా అందలేదు, రెండు చేతులతో నొక్కారు. మన్ను చూశారు. గీతలు చూశారు. ఎవరు రాశారు అన్నారు.

"ముత్యాలయ్య" అన్నాను.

చాలాసేపు దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు. తర్వాత గొట్టం పక్కనున్న ముద్ర ఏమిటని అడిగారు. బెల్జియం, పాండిచ్చేరి, సైకిళ్ళు, కుక్కలు అన్నీ చెప్పాను. కుక్కల దగ్గర ఆయన నవ్వారు.

మధ్యాహ్నం మజ్జిగ రెండోసారి పోయించుకున్నారు.

సెప్టెంబరు 28

ఇవాళ పెద్దల అమావాస్య. పోయినవాళ్ళ పేరున ఒక్కొక్క బట్ట పెట్టి, కొబ్బరికాయ కొట్టి, వాళ్ళకు నైవేద్యం పెడతాం. మామగారికి పంచె, మామగారి అమ్మకు చీర, ఆదిశేషమ్మకు చీర. పెళ్ళయిన నాటి నుంచి ఆ చీర కొనేది నేనే. బతికున్న మనిషికి.

ఈసారి కొనలేదు. పంచె, ఒక్క చీర పెట్టి పక్కకు జరిగాను. అత్తగారు పీట మీద కూర్చుని చూసింది. ఇంకో చీర ఏదని అడుగుతుందని, ఏం చెప్పాలో కూడా తయారుగా ఉన్నాను. ఆమె అడగలేదు. ఆకులు తీశాక కొడుకును పిలిచి కూర్చోబెట్టుకుంది. నన్ను వెళ్ళమనలేదు.

"ఆ పొద్దు మీ నాయన తడిపంచెతో వచ్చినాడు రా. దాయాదులంతా అరుగు మీద కర్రలతో కాసుకోనుండారు, మర్నాడు పొయ్యి ఇద్దర్నీ నరకాలని. హజరత్తయ్య తాత గూడా ఉండాడు. మీ నాయన వాళ్ళతో, అది ఏట్లో పడి చచ్చినాది, నా కళ్ళతో చూసినాను, ఇంకెవరూ ఆ దిక్కు పోబళ్ళేదు అన్నాడు. స్నానం చేసినాడు. నాకు నిజం చెప్పినాడు. చెప్పి, ఎవురికీ చెప్పొద్దన్నాడు. చెప్పలా నేను."

చచ్చిపోయిందని చెప్పి చెల్లెల్ని ఇంట్లోంచి తుడిచేశాడని ఆదిశేషమ్మ ఇన్నేళ్ళూ అనుకుంటోంది. చచ్చిపోయిందని చెప్పి బతికించానని మామగారు అనుకున్నాడేమో. ఆయనకు పరువే ముఖ్యమేమో కూడా. జుట్టు పట్టుకున్నవాడు, గుడిసె కాల్పించినవాడు ఆయనే కదా. ఒక పక్క రబ్బరు, ఒక పక్క తాటిచేవ ఉన్న ఆ పిడిలాగే ఉన్నాడు మనిషి.

మరి పాప చెయ్యి ఎందుకు కొడతారత్తా అని అడిగాను.

"మళ్ళా అంత కష్టం ఈ ఇంట్లో ఆడపిల్లకి రాకూడదని" అంది. నాకు కోపం తగ్గలేదు.

అక్టోబరు 3

మస్తానయ్యకు కబురు చేస్తే మొన్న వచ్చాడు. మొత్తం విని, అప్పుడే అనుకున్నానక్కా అన్నాడు. పేలనిదైనా ఇచ్చేయాల్సిందేనన్నాడు. చేనులో దొరికిందని చెబుదాం, ఆమె పేరు అసలు రానివ్వొద్దు అని ఆయనా తమ్ముడూ అనుకున్నారు. నాకూ అదే మంచిదనిపించింది. ఆమెకు చెప్పకుండా చేయడం బాగుండదని మాత్రం ఆయన నిన్న లంకకు వెళ్ళి చెప్పి వచ్చారు. ఆమె ఊ అందట.

అక్టోబరు 6

సూళ్లూరుపేట ఠాణా మెట్ల మీద మా కంటే ముందే వచ్చి కూర్చుని ఉంది ఆదిశేషమ్మ అత్త. ఉతికిన ఎర్రంచు చీర, నూనె రాసి దువ్విన జుట్టు. ఎందుకొచ్చావు, మేము ఇచ్చేస్తాం కదా అని ఆయన అంటుంటే వినకుండా మా వెంట లోపలికి వచ్చింది.

మస్తానయ్య సెల్యూట్ కొట్టి, మా బావ చేనులో దున్నుతుంటే దొరికింది సార్ అని మొదలుపెట్టాడు. ఇనస్పెక్టరు పడుచువాడు. నూనెగుడ్డ విప్పి, దున్నితే దొరికినదానికి ఇంత నూనె ఎవరు రాశారయ్యా అన్నాడు. మస్తానయ్య నా వైపు చూశాడు. నూనె రాసింది నేను.

"అది నాది" అంది ఆమె.

ఇనస్పెక్టరు ఆమెను చూసి, కుర్చీ వేయించాడు. పేరు అడిగాడు. ఆదిశేషమ్మ అని, మా ఇంటిపేరు చెప్పింది. ఎవరి భార్య అని అడిగాడు.

"ముత్యాలయ్య పెళ్ళాన్ని. లంకలో ఉంటా."

రైటరు రెండింటినీ పక్కపక్కన రాసుకుని, ఆ ఇంటిపేరుకూ ఆ లంకకూ పొంతన కుదరక ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. నేను ఆయన వైపు చూశాను. ఆయన చెమట తుడుచుకుంటున్నారు.

ఇనస్పెక్టరు చక్రం తిప్పి చూశాడు. ట్రిగ్గరు మడత విప్పి చూసి, ఇట్లాంటిది నేనెప్పుడూ చూడలేదన్నాడు. నాకు ఎంత చెప్పాలనిపించిందో! ఊరుకున్నాను. ముక్కు లేదని అతనే కనిపెట్టాడు. ఎవరు తీశారని అడిగితే, "మా ఆయన" అంది ఆమె. ఇంత కష్టపడి పేలకుండా చేసి మళ్ళీ ఎందుకు దాచారంటే, ఆయన చేసిచ్చిన పిడి దానికే ఉండాది గదా అంది. ఇనస్పెక్టరు నవ్వబోయి ఆగాడు.

చివరగా ఒక ప్రశ్న అడిగాడు. దీన్ని ఎప్పుడైనా ఎవరి మీదికైనా ఎక్కుపెట్టావా అని.

లేదని చెప్పమని నేను మనసులో మొక్కుకున్నాను.

"మా అన్న మీదికి. నొక్కినాను గూడా."

రైటరు కలం పట్టుకుని ఇనస్పెక్టరు వైపు చూశాడు. ఇనస్పెక్టరు మా వైపు చూశాడు. ఆ అన్న ఇప్పుడెక్కడున్నాడు, ఆయన ఫిర్యాదు ఏమైనా ఉందా అన్నాడు.

మా ఆయన లేచి నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారు, విప్పారు, బల్ల అంచు పట్టుకున్నారు.

"ఆయన మా నాయన సార్. చనిపోయినాడు. మా నాయనది ఫిర్యాదు ఏమీ లేదు. నాదీ లేదు."

ఇనస్పెక్టరు సరే అన్నాడు. ఆమె వేలిముద్ర వేయించుకున్నారు. మందుగుండు లేదు, పనికిరాని ఆయుధం, తనంతట తానే తెచ్చి ఇచ్చింది అని రాసుకుని వెళ్ళమన్నారు. పిస్తోలు బీరువాలో పెట్టి తాళం వేశారు. ముద్ర ఇంకొక్కసారి చూద్దామనుకున్నాను. కుదరలేదు.

బయటికి వచ్చాక ఆమె మెట్ల మీదే మళ్ళీ కూలబడింది. నేను సోడా తెస్తానన్నాను. వద్దంది. ఆయనను అడిగింది.

"మా అన్న ఎట్టా పొయినాడు రా? ఏం జబ్బు?"

ఆయన ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నారు. ఆషాఢం నుంచి పూర్తి మాట ఒకటి నోటి వెంట రాని మనిషి, మామగారికి జ్వరం తగిలిన రోజు నుంచి మొదలుపెట్టి చెప్పసాగారు. ఏ వైద్యుడు వచ్చాడో, ఏం తినబుద్ధయిందో, ఎవరిని పిలిచాడో. ఆమె మధ్యమధ్య అడుగుతోంది, ఆయన వెనక్కి వెళ్ళి మళ్ళీ చెబుతున్నారు. మా బస్సు వచ్చింది, వెళ్ళింది. మస్తానయ్య నన్ను చూశాడు. పోనియ్యి అన్నాను.